అంతరంగ కథకుడు బుచ్చిబాబు

బాల్యం వీడి యౌవనంలో అడుగుపెట్టే వయస్సులో మనిషికి కలిగే సందేహాలు అనేకం. తానెవరు, తనను ప్రేమించేవారెవరు, తన స్నేహం ఎంతవరకు నిలుస్తుంది, లోకం తనను ఏ దృష్టితో చూస్తుంది అనే ప్రశ్నలు ఆ వయస్సులో నిద్ర పట్టనీయవు. వీటిని పెద్దలతో చెప్పుకోవడానికి బిడియం అడ్డు వస్తుంది. అటువంటప్పుడు ఒక మంచి నవల ఆప్తమిత్రుని వలె ఆదుకుంటుంది. తనవంటి సందేహాలతోనే మరొకడు సతమతమైనాడని తెలిసినప్పుడు పాఠకునికి కలిగే ఊరట, ఆనందం చెప్పనలవి కానివి. తెలుగు యువతకు అటువంటి నవలను అందించిన రచయిత బుచ్చిబాబు. ఆ నవల పేరు ‘చివరకు మిగిలేది’.

బుచ్చిబాబు అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. ఆయన 1916 జూన్ 14న ఏలూరులో జన్మించారు. అప్పటికి ఏలూరు కృష్ణా జిల్లాలో ఉండేది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడిన తరువాత ఈ పట్టణం ఆ జిల్లాకు కేంద్రమైంది. 2022లో తన పేరిటనే వెలసిన కొత్త జిల్లాకు కేంద్రంగా నిలిచింది. రెండు మహానదుల నడుమనున్న ప్రాంతమిది. గోదావరి నీరు నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా కాలువలో ప్రవహించి ఏలూరు చేరుతుంది. మరొకవైపు నుండి కృష్ణ కాలువ వచ్చి ఇక్కడే దానిని కలుసుకొంటుంది. తమ్మిలేరు ఊరిని ఒరసికొని కొల్లేటికి సాగిపోతుంది. ఆ సరస్సు నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రాన్ని చేరుతుంది. రహదారులు అంతగా లేని కాలంలో పడవలే ఈ సీమవాసులకు ప్రధాన వాహనాలు. వరిచేలు, కాలువగట్లు, మబ్బు నీడలు కదలాడే నీళ్ళు, శీతకాలంలో కొల్లేటికి వలస వచ్చే పక్షులు ఈ సీమకు సహజాలంకారాలు. ఇటువంటి గడ్డపై పుట్టిన బుచ్చిబాబు ఉత్తరోత్తరా కలంతోపాటు కుంచెను కూడా చేతబట్టారు. ప్రకృతి దృశ్యాలను చిత్రించడం ఆయనకు ఎంతో ప్రీతికరమైన వ్యాసంగమైంది.

ఆయన ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. పట్టం పొందారు. అనంతపురం, విశాఖపట్నాలలో కొంతకాలం ఆంగ్లోపన్యాసకులుగా పనిచేశారు. 1945 ప్రాంతంలో ఆకాశవాణిలో చేరి, మద్రాసు, విజయవాడ కేంద్రాలలో జీవితాంతం సేవలందించారు. బయటికి చూస్తే అది ఒడుదొడుకులు అంతగా లేని ఉద్యోగ జీవితం. పోరాటాలు, జైలు శిక్షలు, సింహాసనాలు, సన్మానాలు అందులో ప్రధాన ఘట్టాలు కావు. ఆయన జీవితంలోని అసలు సంఘటనలన్నీ మనస్సులోనే జరిగాయనవచ్చు. తన మానసిక పరిణామాన్ని వివరిస్తూ ఆయన రచించిన ఆత్మకథకు ‘నా అంతరంగ కథనం’ అని పేరు పెట్టుకోవడంలోనే ఈ విషయం స్పష్టమవుతుంది.

ఉపన్యాసకునిగా ఆయన నిత్యం యువకుల మధ్య మెలగారు. చదివిన సాహిత్యమేమో మానవ మనస్సు లోతులను తడవిన సాహిత్యం. ఒక పిల్లవాడు పెరిగి పెద్దవాడు కావడమే ఇతివృత్తంగా గల నవలలకు ఐరోపాలో అప్పటికే గొప్ప సంప్రదాయమున్నది. జర్మన్ మహాకవి గోథే 18వ శతాబ్ది చివరలోనే ఆ బాట వేశారు. బుచ్చిబాబు జన్మించిన 1916వ సంవత్సరంలోనే ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ ఒక యువకుని మనోవికాసాన్ని చిత్రించిన తన తొలి నవలను గ్రంథరూపంలో వెలువరించారు. ఇక తెలుగులో కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ మొదలుకొని ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ వరకు నవలాకారుల దృష్టి ప్రధానంగా సంఘం మీద, సంస్కరణ మీద ఉండేది. భీమవరంలో జన్మించిన అడవి బాపిరాజు 1934లో ‘నారాయణరావు’ నవలలో స్నేహసౌరభాన్ని, దాంపత్య ప్రేమను హృద్యంగా వర్ణించారు. అయితే ఆ నవలానాయకుడు సకల సద్గుణ సంపన్నుడు. తడబడే మనస్సు గల నాయకుని, లోపల గాయపడిన నాయకుని కథ తెలుగు పాఠకునికి ఇంకా అంతగా పరిచయం కాలేదు.

ఆ లోటును తీర్చిన నవల ‘చివరకు మిగిలేది’. అది 1946-47 సంవత్సరాలలో ‘నవోదయ’ పత్రికలో ధారావాహికంగా వెలువడింది. అప్పటికి రచయిత వయస్సు ముప్పది సంవత్సరాలు. యౌవనపు ఉద్వేగాలు ఇంకా జ్ఞాపకంలో వెచ్చగా ఉండే వయస్సు అది. వాటిని కొంత దూరం నుండి పరిశీలించగల నిబ్బరం కూడా అప్పుడే అలవడుతుంది.

నవలానాయకుడు దయానిధి. వైద్యవిద్య అభ్యసించిన సంస్కారవంతుడు, ఆలోచనాపరుడు. అతని తల్లి శీలాన్ని గురించి లోకం చెవులు కొరుక్కుంటుంది. ఆ నింద నీడవలె అతణ్ణి ఊరూరా వెంబడిస్తుంది. అందులో అతని తప్పేమీ లేదు. అయినా పెండ్లి మాటలలో, బంధువుల చూపులలో, మిత్రుల మౌనంలో ఆ నింద అతనికి ఎదురవుతూనే ఉంటుంది. తల్లిని ద్వేషించలేడు, లోకాన్ని ఎదిరించలేడు. ఈ ఘర్షణయే నవలకు ఆయువుపట్టు. తల్లి నడవడి కారణంగా కుమిలిపోయిన హామ్లెట్‌తో విమర్శకులు దయానిధిని పోల్చారు. షేక్స్పియర్‌ను గూర్చి తెలుగులో ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించిన బుచ్చిబాబుకు ఆ డెన్మార్కు రాకుమారుడు చిరపరిచితుడే. కాని దయానిధి ఎవరికీ అనుకరణ కాడు. మన ఇండ్లలో, మన ఊళ్ళలో, మన బంధుత్వాల నడుమ నలిగిన తెలుగు యువకుడతడు.

దయానిధి జీవితంలోకి పలువురు స్త్రీలు ప్రవేశిస్తారు. కోమలి అతనికి సౌందర్య స్వప్నం. అందుకోబోతే అందక తొలగిపోయే అందం ఆమెది. బంధువర్గంలోని సుశీల విద్యావతి, అభిమానవతి. అతని పట్ల ఆకర్షణ ఉన్నా లోకాపవాదును దాటి రాలేనిది. అమృతం వివాహిత. అతని దుఃఖాన్ని మాటలతో పనిలేకుండా గ్రహించి అక్కున చేర్చుకొన్న సహృదయ. ఇందిర అతని భార్య. ఆమె తండ్రి పోలీసు అధికారి కావడంతో, జాతీయోద్యమంపై అల్లుడు చూపిన అభిమానం ఆ దంపతులను విడదీస్తుంది. పిదప ఆమె వ్యాధిపాలై మరణిస్తుంది. ప్రేమ అంటే ఒక్కటే ముఖం కాదని, ఆకర్షణ, అనురాగం, జాలి, బాధ్యత అనే వేర్వేరు భావాలను యౌవనం ఆ ఒక్క పేరుతోనే పిలుస్తుందని ఈ పాత్రల ద్వారా పాఠకునికి బోధపడుతుంది.

ఇంతటి విషాదంలోనూ నవలలో నవ్వుకు లోటు లేదు. అమృతం తమ్ముడు జగన్నాథం అల్లరివాడు, వాచాలుడు. అతని ధోరణి, చమత్కారం చదువరిని ఎన్నోమార్లు నవ్విస్తాయి. లోకమంతా దయానిధిని తూకం వేసి చూస్తూ ఉంటే, ఈ కుర్రవాడు మాత్రం ఏ లెక్కలూ లేకుండా అతనికి సన్నిహితుడవుతాడు. మనిషి పుట్టుపూర్వోత్తరాలను విచారించకుండా చేయి కలిపేదే స్నేహమని ఆ పాత్ర నిరూపిస్తుంది.

కథ కోస్తా జిల్లాలకే పరిమితం కాలేదు. దయానిధి రాయలసీమకు వెళ్ళి వజ్రాలకు ప్రసిద్ధమైన ప్రాంతంలో వైద్యునిగా స్థిరపడతాడు. అక్కడ వజ్రం దొరికి అతడు సంపన్నుడవుతాడు. సంపద వచ్చినా అతని మనస్సులోని వెలితి తీరదు. సర్కారు జిల్లాలకూ రాయలసీమకూ మధ్య తలయెత్తిన విభేదాలు అక్కడ అతణ్ణి చుట్టుముడతాయి. అనంతపురంలో ఉద్యోగం చేసిన రచయితకు ఆ సీమ జీవితం ప్రత్యక్షంగా తెలుసు. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడడానికి ఆరేడు సంవత్సరాల ముందే ఆయన ఈ సమస్యను నవలలో చిత్రించడం గమనించదగినది.

సాధారణంగా ఇటువంటి కథలు కల్యాణంతోనో, కలిమితోనో, కీర్తితోనో ముగుస్తాయి. దయానిధికి ఈ మూడూ చేతికి అందినట్లే అంది జారిపోతాయి. జీవితానికి అర్థమేమిటని అతడు వెదికిన వెదుకులాటకు సిద్ధాంతరూపమైన సమాధానమేదీ లభించదు. వెదికిన దారిలోని జ్ఞాపకాలే అతనికి మిగులుతాయి. తనతో తాను రాజీపడడం, తోటి మనుషుల లోపాలను దయతో చూడగలగడం అతడు చివరకు నేర్చుకొన్న పాఠాలు. దయానిధి అన్న పేరు అప్పుడు సార్థకమవుతుంది. మీసం మొలవడం, ఉద్యోగం దొరకడం, పెండ్లి కావడం మాత్రమే పెద్దరికం కావు. తనను గాయపరచిన లోకాన్ని ద్వేషించకుండా బ్రతకగలగడమే నిజమైన ఎదుగుదల అని ఈ నవల అంతరార్థం.

నవల రచనా విధానంలోనూ బుచ్చిబాబు కొత్త పుంతలు తొక్కారు. సంఘటనలను వరుసగా చెప్పుకుపోవడం కంటె పాత్ర మనస్సులో ఒకదాని వెంట ఒకటిగా కదిలే తలపులను, స్మృతులను పట్టుకోవడం ఆయనకు ముఖ్యం. ఈ కారణంగా తెలుగులో మనోవైజ్ఞానిక నవలకు ‘చివరకు మిగిలేది’ తొలి గొప్ప ఉదాహరణలలో ఒకటిగా పేరుగాంచింది. ఆయన వర్ణనలలో చిత్రకారుని కన్ను కనిపిస్తుంది. వెలుగునీడలు, రంగులు, ఆకులు, మబ్బులు కేవలం అలంకారాలుగా రావు. అవి పాత్రల మనఃస్థితికి అద్దం పడతాయి. నాయకుడు క్రియాశూన్యుడని, నవలలో నిరాశ పాలు ఎక్కువని కొందరు విమర్శించకపోలేదు. కాని తన లోపలి చీకటిని దాచకుండా చూడగలగడం కూడా ఒక సాహసమే. నిర్దోషియైన నాయకుని చూసి పాఠకుడు అబ్బురపడతాడు. తడబడే నాయకునిలోనైతే తననే చూసుకొంటాడు.

కథకునిగా కూడా బుచ్చిబాబుది అగ్రస్థానం. ‘నన్ను గురించి కథ వ్రాయవూ?’ ఆయన కథలలో మిక్కిలి ప్రసిద్ధం. చిన్ననాటి నుండి పరిచయమున్న కుముదం అనే సామాన్య స్త్రీ తనను గురించి కథ వ్రాయమని రచయితను అడుగుతుంది. ఆమె జీవితంలో కథకు తగినంత విశేషం ఏమున్నదన్నది అతని సందేహం. విశేషమేదీ లేదనుకొన్న ఆ జీవితమే చివరకు చదువరి మనస్సును కలచివేసే కథ అవుతుంది. ప్రతి మనిషి జీవితమూ ఒక కథకు అర్హమైనదేనని చాటే రచన ఇది. ‘అరకులోయలో కూలిన శిఖరం’, ‘ఎల్లోరాలో ఏకాంతసేవ’, ‘నిరంతర త్రయం’ వంటి కథలలో ప్రకృతి, కళ, ప్రేమ పెనవేసుకొని దర్శనమిస్తాయి. వీటితోపాటు ఆయన ‘ఆత్మవంచన’ వంటి నాటకాలను, రేడియో ప్రసంగాలను, సాహిత్య వ్యాసాలను కూడా రచించారు.

ఆయన సహధర్మచారిణి శివరాజు సుబ్బలక్ష్మి. ఆమె స్వయంగా కథా నవలా రచయిత్రి, చిత్రకారిణి. ఒకే ఇంట ఇరువురు రచయితలు, ఇరువురు చిత్రకారులు ఉండడం అరుదైన విషయం. స్త్రీ ఇంటి నాలుగు గోడలకే పరిమితం కావాలని భావించే రోజులలో ఆ దంపతులు ఒకరి కళకు మరొకరు ఆసరాగా నిలిచారు. భర్త మరణానంతరం ఆయన రచనలను, చిత్రాలను ఆమె ఎంతో శ్రద్ధతో కాపాడారు. 2021లో ఆమె కన్నుమూశారు.

యాభై ఏళ్ళు దాటిన కొద్ది కాలానికే, 1967లో బుచ్చిబాబు పరమపదించారు. పెద్ద నవలగా ఆయన పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది ఒక్కటే. ఆ ఒక్కటి చాలు, ఆయనను తెలుగు సాహిత్య చరిత్రలో చిరస్థాయిగా నిలపడానికి. వెలువడి ముప్పాతిక శతాబ్దం గడచినా ఆ నవల పునర్ముద్రణలు పొందుతూనే వచ్చింది. పద్దెనిమిదేండ్ల వయస్సులో చదివినవారికి అది ప్రేమకథగా తోస్తుంది. నలుబదేండ్ల వయస్సులో మళ్ళీ తెరిస్తే క్షమను గూర్చిన కథగా కనబడుతుంది. చదువరితోపాటు తానూ వయస్సు పెంచుకొనే గ్రంథాలు ఏ భాషలోనైనా కొద్దిగానే ఉంటాయి. ఏలూరు గడ్డపై పుట్టిన బుచ్చిబాబు తెలుగువారికి అటువంటి గ్రంథాన్ని కానుకగా ఇచ్చి వెళ్ళారు.