వృద్ధుల తోడు జీన్ జుగాన్

విద్యార్థులారా! మన బెంగుళూరు నగరమున హోసూరు రోడ్డునందు ఒక వృద్ధాశ్రమము కలదు. దిక్కులేని ముసలివారిని చేరదీయుటకై 1900వ సంవత్సరమున లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అను క్రైస్తవ సన్యాసినుల సంఘమువారు దీనిని స్థాపించిరి. సికింద్రాబాదునను వీరి ఆశ్రమము కలదు. ఈ సంఘమునకు మూలమైన స్త్రీ ధనవంతురాలు కాదు. ఒకప్పుడు పరుల యింట వంట చేసి బ్రదికినది. ఆమె పేరు జీన్ జుగాన్.

జీన్ 1792వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున కంకాల్ అను బెస్తవారి ఊర జన్మించెను. ఆమెకు నాలుగేండ్లు నిండకమునుపే తండ్రి సముద్రముపై పోయి తిరిగి రాలేదు. తల్లి కాయకష్టము చేసి బిడ్డలను పెంచెను. జీన్ పసులను కాచెను. పదునారేండ్ల ప్రాయమున ఒక సంపన్నుల యింట వంటపనికి కుదిరెను. ఆ యింటి యజమానురాలు రోగులను, బీదలను చూడబోవునప్పుడు ఈ బాలికను వెంట గొనిపోవుచుండెడిది. పిమ్మట సేంట్ సెర్వాన్ పట్టణమున ఆసుపత్రిలో ఆరేండ్లు పరిచర్య చేసెను.

1839వ సంవత్సరపు చలికాలమున ఆ పట్టణమందే ఆన్ షోవాన్ అను ముసలి వితంతువు, చూపు పోయి, అవయవములు స్వాధీనము తప్పి, చూచువారు లేక యుండెను. జీన్‌కు అప్పుడు నలుబదియేడేండ్లు. ఉన్నది చిన్న అద్దెయిల్లు. అయినను ఆ వృద్ధురాలిని తెచ్చి, తన మంచముపై పరుండబెట్టి, తాను అటకమీదికి పోయి పండుకొనెను. త్వరలోనే మరియొక ముసలమ్మ వచ్చెను. కొలదియేండ్లలో వారి సంఖ్య నలుబదికి చేరెను. అంతవరకు తమకై తాము యాచించుకొనిన ఆ వృద్ధుల బదులు జీన్ తానే బుట్ట చేతబట్టి ఇల్లిల్లు తిరిగెను. 1845లో ఫ్రెంచి అకాడెమీ ఆమెకు బహుమానమిచ్చెను.

ఇక విచారకరమైన సంగతి. 1843లో సోదరీమణులు జీన్‌ను తమ పెద్దగా ఎన్నుకొనగా, ఒక మతగురువు ఆ యెన్నికను రద్దుచేసి, సంఘమును తానే స్థాపించితినని చెప్పుకొనెను. 1852లో ఆమెను బయటి పనులనుండి తప్పించి మఠమునకు పిలిపించిరి. అచ్చట ఆమె ఇరువదియేడేండ్లు మరుగున గడపెను. కొత్తగా చేరిన కన్యలకు ఈ ముసలమ్మయే తమ సంఘమునకు తల్లి యని తెలియదు. ఒంటరి వృద్ధులకు తోడైన స్త్రీని ఆమె నిర్మించిన యింటనే మరచిరి! ఆమె మాత్రము ఎవరిని నిందింపక, ఆ కన్యలకు బీదలపై ప్రేమ నేర్పుచు, 1879 ఆగస్టు 29న కన్నుమూసెను. అప్పటికి సంఘమున సోదరీమణులు 2000కు మించియుండిరి. 2009లో రోమునగరమున ఆమెను పునీతురాలిగా ప్రకటించిరి.

బాలబాలికలారా! జీన్ ఆ యంధురాలికి ముందుగా ఇచ్చినది సొమ్ము కాదు, తన పక్కను చోటు. కొడుకుల వెంట చిత్తూరునుండియో, అనంతపురమునుండియో ఈ నగరమునకు వచ్చిన అవ్వలు, తాతలు మన వీధులలో ఎందరో కలరు. బయట కన్నడము, తమిళము వినబడును. తమ మాట మాటాడువారు పగలెల్ల కానరారు. అన్నమున్నను పలుకరించువారు లేరు. వారమునకొక గంట అట్టివారి చెంత కూర్చుండుడు. తెలుగు పత్రిక చదివి వినిపింపుడు. వారు చెప్పిన కథనే మరల చెప్పినను ఓపికతో వినుడు. తలిదండ్రులారా! ఇచ్చట తెలుగు చదివి ఏమి ప్రయోజనమని అడుగువారికి ఇదియు నొక సమాధానమే. దూరమున వెదుకనక్కరలేదు, మన యింటి అరుగుమీదనే ఒకరు ఎదురుచూచుచుండవచ్చును.