నగలు తాకట్టు పెట్టి పాటకి చోటిచ్చిన మోనా

మా అబ్బాయి ఇంటర్ చదివే రోజుల్లో నలుగురు స్నేహితుల్ని వెంటేసుకొచ్చి మేడమీద గదిలో గిటార్లు మోగించేవాడు. రెండు గిటార్లు, ఒక పాత కీబోర్డు, డ్రమ్స్ కొనే స్తోమత లేక బోర్లించిన ప్లాస్టిక్ బకెట్టు. పట్టుమని నెల కూడా కాలేదు, పక్కింటావిడ ఒకసారి, కింద వాటా వాళ్లు రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్లారు. ఇంకొకరెవరూ రాకముందే నేనే ఆ గదికి తాళం వేసేశాను. చదువు పాడవుతుందన్నది పైకి చెప్పిన కారణం. అసలు కారణం, నలుగురి నోళ్లలో పడతామన్న భయం. ఇప్పుడా గదిలో ఆవకాయ జాడీలున్నాయి.

ఈమధ్య మోనా బెస్ట్ జీవితం చదివాక ఆ తాళం నాకు మాటిమాటికీ గుర్తొస్తోంది. ఈ పేరు మనలో చాలామంది విని ఉండరు. బీటిల్స్ పేరు మాత్రం వినే ఉంటారు. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నుంచి వచ్చి ప్రపంచాన్ని ఊపేసిన నలుగురు కుర్రాళ్ల బృందం. వాళ్లని ఇంకా ఎవరూ పట్టించుకోని రోజుల్లో తన ఇంటి నేలమాళిగలో పాడించి, టికెట్టు పెట్టి, జనాన్ని రప్పించి, రాత్రి అయ్యేసరికి వాళ్ల చేతిలో డబ్బులు పెట్టిన ఇల్లాలు మోనా.

ఆవిడ మన దేశంలోనే పుట్టిందంటే నాకు ముందు నమ్మబుద్ధి కాలేదు. 1924 జనవరి 3న ఢిల్లీలో పుట్టింది. తండ్రి థామస్ షా సైన్యంలో మేజరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆవిడ రెడ్‌క్రాస్‌లో పనిచేసింది. పెద్దకొడుకు పీట్ 1941 నవంబరులో మద్రాసులో పుట్టాడు. అప్పటికి ఆవిడకి పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదు. పీట్ కన్నతండ్రి యుద్ధంలో పోయాడు. తర్వాత 1944లో లివర్‌పూల్‌కి చెందిన సైనికాధికారి జానీ బెస్ట్‌ని బొంబాయిలో పెళ్లి చేసుకుంది. రెండో కొడుకు రోరీ పుట్టాడు. 1945 చివర్లో సైనికుల్ని తీసుకెళ్లే జార్జిక్ అనే ఓడ ఎక్కి, సరిగ్గా క్రిస్మస్ రోజున లివర్‌పూల్‌లో దిగారు.

ఒక్కసారి ఊహించుకోండి. ఇక్కడి ఎండ, విశాలమైన బంగళాలు అలవాటైన మనిషి, బాంబులకి సగం కూలిపోయిన రేవు పట్నంలో, డిసెంబరు చలిలో, ఇద్దరు పసిపిల్లలతో దిగింది. అత్తవారిది బాక్సింగ్ పోటీలు నిర్వహించే కుటుంబం. కొన్నాళ్లు వాళ్లింట్లోనే ఉన్నారు. ఆడపడుచుకి ఈవిడంటే గిట్టలేదు, అన్న చేసుకున్న పెళ్లే నచ్చలేదు. (దేశాలు మారినా ఈ కథ మారదేమో!) చివరికి వేరు పడి చిన్న ఫ్లాట్‌లోకి, అక్కణ్ణుంచి ఇంకో ఇంట్లోకి మారారు. మోనాకి మాత్రం ఒకటే కోరిక. ఇండియాలో ఉన్నలాంటి పెద్ద ఇల్లు కావాలి.

ఆ ఇల్లు ఎలా వచ్చిందో వింటే మీరు ముక్కున వేలేసుకుంటారు. 1954లో ఆవిడ తన నగలన్నీ తాకట్టు పెట్టేసి, ఆ డబ్బు డెర్బీ గుర్రప్పందెంలో కాసింది! గుర్రం పేరు నెవర్ సే డై, అంటే ఓడిపోయానని ఒప్పుకోకు అని. దానిమీద కూర్చున్న లెస్టర్ పిగాట్‌కి పద్దెనిమిదేళ్లు. ఎవరికీ ఆశ లేని గుర్రం కాబట్టి గెలిస్తే ఒకటికి 33 ఇస్తామన్నారు. గెలిచింది. నేను కూడా ఒకసారి గాజులు బ్యాంకులో పెట్టాను, మా అబ్బాయి కాలేజీ ఫీజుకి. ఆ రసీదు పట్టుకుని ఇంటికొచ్చేవరకూ నా కాళ్లు వణికాయి. పందేనికి పెట్టమని ఎవరికీ చెప్పను, కానీ ఆవిడ గుండెధైర్యం మాత్రం సామాన్యమైంది కాదు.

పందెంలో గెలిచిన డబ్బే ఆసరాగా 1957లో వెస్ట్ డెర్బీ పేటలో హేమన్స్ గ్రీన్ అనే వీధిలో 8వ నంబరు ఇల్లు కొన్నారు. 1860 ప్రాంతాల్లో కట్టిన భవంతి. ముందు ఓ రాజకీయ పార్టీ క్లబ్బుగా ఉండేది. లోపల గోడలన్నీ ముదురాకుపచ్చ, గోధుమ రంగు. తోట నిండా పిచ్చిమొక్కలు. కింద పెద్ద నేలమాళిగ.

పీట్, రోరీల స్నేహితులు రోజూ ఇంటిమీద పడేవారు. ఒకరోజు టీవీలో లండన్ సోహోలోని టూ ఐస్ అనే కాఫీ బార్ గురించి కార్యక్రమం వచ్చింది. కుర్రాళ్లు కాఫీ తాగుతూ పాటలు వినే చోటు. అది చూడగానే మోనాకి ఆలోచన తట్టింది. ఈ పిల్లలకి అలాంటిది ఇంట్లోనే ఎందుకు పెట్టకూడదు? ఆ రోజుల్లో లివర్‌పూల్‌లో సంగీతం క్లబ్బులు లేకపోలేదు. తర్వాత జగత్ప్రసిద్ధమైన కావెర్న్ క్లబ్ అప్పటికే ఉంది. అయితే అది జాజ్ సంగీతానిది. రాక్ అండ్ రోల్ వాయించే వీధి కుర్రాళ్లని అక్కడ చిన్నచూపు చూసేవాళ్లు. గిటార్ కొనుక్కోవడం ఒక ఎత్తు, అది వాయించడానికి చోటు దొరకడం ఇంకో ఎత్తు అయింది వాళ్లకి.

నేలమాళిగకి ఆవిడ పెట్టిన పేరు కాస్బా, ఆల్జీర్స్ అనే పాత సినిమాలోంచి తీసుకున్నది. గోడలకి రంగులు వేయడానికి అందరూ చేతులు కలిపారు. ఒక గోడమీద మోనా స్వయంగా డ్రాగన్ బొమ్మ వేసింది. ప్రారంభం రోజు పాడతామన్న బృందం సరిగ్గా ముందు తగాదా పడి విడిపోయింది. అందులోంచి కెన్ బ్రౌన్, జార్జ్ హారిసన్ బయటికొచ్చి ఇంకో ఇద్దర్ని పట్టుకొచ్చారు. వాళ్లే జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ. పాడతామని వచ్చినవాళ్ల చేతికీ మోనా కుంచెలు ఇచ్చింది. పాల్ పైకప్పుమీద ఇంద్రధనుస్సు రంగులు వేశాడు.

1959 ఆగస్టు 29న కాస్బా తెరిచారు. మొదటి రోజే 300 మంది దాకా వచ్చారు. నాలుగు గిటార్లు, డ్రమ్మర్ లేడు. కాఫీ, కూల్‌డ్రింకులు, చిరుతిళ్లు, అంతే. మందు చుక్క కూడా ఉండేది కాదు. గలాటా చేసే రకం లోపలికి రాకుండా సభ్యత్వం పెట్టింది, ఏడాదికి రెండున్నర షిల్లింగులు. తర్వాత ఆ ఊళ్లో పేరు తెచ్చుకున్న బృందాలు ఎన్నో అక్కడ వాయించాయి. జెర్రీ అండ్ ద పేస్‌మేకర్స్, ద సెర్చర్స్ కూడా.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆవిడ ఆ నలుగురికీ శనివారం శనివారం 3 పౌండ్లు ఇచ్చేది, తలా 15 షిల్లింగులు. అక్టోబరు 10న కెన్ బ్రౌన్‌కి ఒంట్లో బాగోలేదు. వచ్చాడు గానీ వాయించే స్థితిలో లేడు. మోనా అతన్ని తలుపు దగ్గర కూర్చోబెట్టి టికెట్ల డబ్బు వసూలు చేయించింది. పంపకాల వేళ అతని 15 షిల్లింగులు అతనికే ఇచ్చింది. మిగతా ముగ్గురికీ కోపమొచ్చింది. వాయించనివాడికి డబ్బెందుకని అలిగి వెళ్లిపోయారు. తన క్లబ్బుకి జనాన్ని రప్పిస్తున్న ముగ్గురు పోతుంటే ఎవరైనా సర్దుకుపోతారు. ఈవిడ సర్దుకోలేదు. జబ్బుపడిన కుర్రాడి పదిహేను షిల్లింగులు అతనివే.

కెన్, పీట్ కలిసి కొత్త బృందం పెట్టుకున్నారు. పీట్ డ్రమ్స్ నేర్చాడు, తల్లే కొనిపెట్టింది. 1960 ఆగస్టులో ఆ ముగ్గురూ, అప్పటికి బీటిల్స్ అని పేరు పెట్టుకుని, జర్మనీలోని హాంబర్గ్‌లో వాయించడానికి వెళ్తూ డ్రమ్మర్ కావాలని పీట్‌ని పిలిచారు. తగాదాలు మరిచిపోయి పంపించింది. డిసెంబరులో బృందం చెల్లాచెదురై తిరిగొచ్చింది. పాల్‌నీ పీట్‌నీ అక్కడి పోలీసులు దేశం నుంచి పంపేశారు. చేతిలో పని లేని కుర్రాళ్లు తిరిగొచ్చాక మొదట పాడింది ఎక్కడనుకున్నారు? కాస్బాలోనే, డిసెంబరు 17న.

ఆ తర్వాత ఏడాదిపాటు మోనా చేసిన పనిని ఈ రోజుల్లో అయితే ప్రమోటర్ అని, మేనేజర్ అని పేర్లు పెట్టి జీతమిస్తారు. కాస్బా ప్రమోషన్స్ అనే పేరుతో ట్యూబ్రుక్‌లోని సెయింట్ జాన్స్ హాలు, నాటీ ఆష్ విలేజ్ హాలు అద్దెకి తీసుకుని ప్రోగ్రాములు పెట్టింది. వీళ్లకి అవకాశమివ్వమని కావెర్న్ యజమాని వెంటపడింది. 1961 ఫిబ్రవరిలో బీటిల్స్ మొదటిసారి కావెర్న్‌లో వాయించారు. ప్రోగ్రాములకి పిలిచేవాళ్లు ఫోన్ చేసేది హేమన్స్ గ్రీన్ ఇంటికే. ఎత్తేది తల్లో కొడుకో. ఈ ఫోనుల పుణ్యమాని ఆ ఇంట్లో వంట ఎన్నిసార్లు మాడి ఉంటుందో అని నాకనిపించింది.

1961 నవంబరులో బ్రయాన్ ఎప్‌స్టీన్ అనే రికార్డుల షాపు యజమాని కావెర్న్‌లో వాళ్లని చూశాడు. రెండు నెలలు తిరిగేసరికి మేనేజర్ అయ్యాడు. సూటూ బూటూ వేయించాడు, లండన్ కంపెనీల చుట్టూ తిరిగాడు. సమర్థుడే, కాదనను. కానీ ఆయనకీ మోనాకీ పొసగలేదు. అన్నిట్లో కలగజేసుకునే డ్రమ్మర్ తల్లిగానే ఆవిణ్ణి చూశాడు.

1962 మోనా బతుకులో అతి కష్టమైన ఏడు. అప్పటికే భర్తతో ఎడబాటు. ఇంట్లో గది తీసుకుని ఉన్న పీట్ స్నేహితుడు, బృందం వ్యాను నడిపే నీల్ ఆస్పినాల్ ఆవిడకి దగ్గరయ్యాడు. ఆవిడకంటే దాదాపు పద్దెనిమిదేళ్లు చిన్న. తప్పొప్పులు తేల్చడానికి మనమెవరం? నిండు నెలలతో జూన్ 24న కాస్బాని మూసేసింది. ఆ రోజు చివరి బృందం బీటిల్సే. జూలై 21న మూడో కొడుకు పుట్టాడు.

బిడ్డకి ఇరవై ఆరు రోజులప్పుడు, ఆగస్టు 16న, ఎప్‌స్టీన్ పీట్‌ని ఆఫీసుకి పిలిపించి బృందంలోంచి తీసేశామని చెప్పాడు. మిగతా ముగ్గురూ ముఖం కూడా చూపించలేదు. అతని చోట్లోకి రింగో స్టార్ వచ్చాడు. రెండు నెలలు తిరక్కుండానే వాళ్ల మొదటి రికార్డు వచ్చింది. తర్వాతదంతా లోకానికి తెలిసిందే.

ఎందుకు తీసేశారన్నదానికి ఇప్పటికీ తలో మాటా చెబుతారు. రికార్డు కంపెనీ నిర్మాత జార్జ్ మార్టిన్‌కి జూన్ పరీక్షలో పీట్ వాయింపు నచ్చలేదన్నది నిజం. తల్లి పోరు పడలేకే తీసేశారని రాసినవాళ్లూ ఉన్నారు. నాకు మండేది ఇక్కడే. అదే పని మగవాడు చేస్తే చురుకైనవాడంటారు. హాలు అద్దెకి తీసుకున్నప్పుడు, ఫోన్లు చేసి అవకాశాలు తెచ్చినప్పుడు లేని పోరు, బృందానికి గిరాకీ వచ్చాకే కనిపించిందా?

పీట్ కుంగిపోయాడు. ఒక దశలో ప్రాణం తీసుకోబోతే తల్లీ తమ్ముడూ చూసి ఆపారు. తర్వాత అతను ప్రభుత్వ ఉపాధి కార్యాలయంలో ఇరవై ఏళ్లు ఉద్యోగం చేసుకున్నాడు. నీల్ మాత్రం, పీట్ మాటమీదే, బీటిల్స్ దగ్గరే ఉండిపోయి తర్వాత వాళ్ల కంపెనీనే నడిపించాడు.

ఇంత జరిగాక ఏ తల్లి అయినా వాళ్ల పేరెత్తితే తలుపు వేసుకుంటుంది. 1967లో జాన్ లెనన్ మోనాకి కబురు పెట్టాడు. కొత్త ఆల్బమ్ సార్జెంట్ పెప్పర్ అట్టమీద సైనికుల దుస్తుల్లో ఫొటో దిగుతున్నాం, మీ నాన్నగారి పతకాలు కావాలని. ఢిల్లీ రోజుల నుంచీ దాచుకున్న తండ్రి పతకాలు అవి. ఇచ్చింది. అతను వాటిని పెట్టుకుని ఫొటో దిగి, భద్రంగా తిరిగి పంపించాడు.

మోనా 1988 సెప్టెంబరు 9న, 64వ ఏట, గుండెపోటుతో పోయింది. 1995లో బీటిల్స్ పాత రికార్డింగులు ఆల్బమ్‌గా వస్తే అందులో పీట్ డ్రమ్స్ వాయించిన పాటలున్నాయి. అతనికి చేతినిండా డబ్బు వచ్చింది. అది చూడటానికి ఆవిడ లేదు. 2006లో బ్రిటన్ ప్రభుత్వం కాస్బాని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చింది. పాల్ ఇంద్రధనుస్సు, మోనా డ్రాగన్ ఆ నేలమాళిగలో అలాగే ఉన్నాయి.

మొన్న సెలవుకి మా అబ్బాయి వచ్చాడు. ఈ కథంతా చెప్పాను. వాడేమీ మాట్లాడలేదు. సాయంత్రం మేడమీదకి వెళ్లి జాడీలు ఒక మూలకి జరిపాడు. వెనకాల తీగలు తెగిన గిటారు ఇంకా ఉంది.