భాస్కరాచార్యుడు - త్రైరాశికము
భాస్కరాచార్యుడు శక 1036లో, అనగా క్రీ.శ. 1114లో జన్మించెను. తండ్రియగు మహేశ్వరునియొద్ద విద్య నభ్యసించి 36వ యేట సిద్ధాంతశిరోమణిని రచించెను. అందలి లీలావతి యనగానే ఆయన కుమార్తె వివాహకథ స్మరణకు వచ్చును. అది 1587 నాటి ఫైజీ పారసీకానువాదము మూలమున వ్యాపించినదే కాని మూలగ్రంథమున లేదు. ఆ కథ మాటున మరుగుపడినది ఆచార్యుని అసలు ప్రతిపాదనము: అంకగణితమంతయు త్రైరాశికముచే వ్యాప్తమనుట. ఫలమును ఇచ్ఛచే గుణించి ప్రమాణముచే భాగించుటయే సూత్రము. నూటికి నెలకు 5 వడ్డీయైనచో 16కు సంవత్సరమునకెంత యను పంచరాశికమందును (ఫలము 9.6) ఇమిడియున్నవి రెండు త్రైరాశికములే. వయస్సు హెచ్చినకొలది వెల తగ్గు ప్రాణుల విషయమున మాత్రము వ్యస్తవిధిని చెప్పెను, లోకవ్యవహార మెరిగినవాడు. 1183లో కరణకుతూహలమును రచించెను. ఆయన గ్రంథముల పఠనమునకై మనుమడు చంగదేవుడు మఠము నెలకొల్పినట్లు 1207 నాటి పాటణ శాసనము తెలుపుచున్నది.