బందరు గురువు నోబుల్ దొరగారు

ధ్యానము కొరకు: అపొస్తలుల కార్యములు 10:34-35



విజయవాడ వన్ టౌన్ వీధులలో నడచునప్పుడు ఇంగ్లీషు నేర్పుదుమను బోర్డులు మనకు కనబడుచుండును. మన పల్లెలలోని తలిదండ్రులును కూలి డబ్బు కూడబెట్టి పిల్లలను ఇంగ్లీషు బడికి పంపుచున్నారు. ఈ కృష్ణా డెల్టాలో ఆ చదువు చెప్పుటకు తన బ్రదుకంతయు ధారపోసిన యొక దైవసేవకుని గూర్చి ఈ నెల తలపోయుదము. ఆయన చేసిన మేలును, ఆయన మూసియుంచిన తలుపును, రెండింటిని దాచక చెప్పుకొందము.

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ గారు 1809లో ఇంగ్లండునందు జన్మించిరి. కేంబ్రిడ్జిలో చదువు ముగించి, చర్చి మిషనరీ సొసైటీ పక్షముగా హెన్రీ ఫాక్స్ గారితో కలసి 1841లో బందరు చేరిరి. ఫాక్స్ గారు ఊరూర తిరిగి సువార్త ప్రకటించి 1848లోనే ప్రభువునందు నిద్రించిరి. నోబుల్ గారి పిలుపు బడి పని. అయితే ఇంగ్లీషు నేర్పవచ్చిన ఈ గురువు ముందుగా తానే శిష్యుడై రెండేండ్లు తెలుగు నేర్చిరి. తరువాత 1843 నవంబరులో బడి తెరచిరి. మొదట వచ్చినది ఇద్దరే విద్యార్థులు.

పరభాష నేర్చుట ఎంత కష్టమో మనకు తెలియును. మన తెలుగు మాట అచ్చుతో ముగియును. ఇంగ్లీషు మాట తరచుగా హల్లుతో ఆగిపోవును. అందుచేతనే వారి బుక్ మన నోట బుక్కు అగును. మన వాక్యములో క్రియ చివర నిలుచును. వారి వాక్యములో నడుమకు వచ్చును. ఈ కష్టమును తాను తెలుగు నేర్చునప్పుడు ఎదురుగా అనుభవించిన గురువునకు శిష్యుని తడబాటు అర్థమగును. తాను తడబడినవాడే ఓర్పుతో నేర్పగలడు.

బ్రాహ్మణులు, వెలమలు, ముసల్మానులు ఆ బడిలో చదివిరి. సర్కారు కొలువులకు ఇంగ్లీషు కావలెనని పెద్దలు పిల్లలను పంపిరి. నోబుల్ గారు వారడిగినది ఇచ్చిరి. దానితోపాటు బైబిలును బోధించిరి. 1852లో ఒక బ్రాహ్మణ యువకుడును ఒక వెలమ యువకుడును బాప్తిస్మము పొందగా ఊరంతయు కలవరపడెను. తలిదండ్రులు పిల్లలను మాన్పించిరి, బడి దాదాపు ఖాళీ అయ్యెను. ఆయన బడి మూయలేదు, బైబిలు మానలేదు. మెల్లమెల్లగా పిల్లలు తిరిగి వచ్చిరి. ఆ యువకులైన ఐనాల భూషణము గారు, మంచాల రత్నము గారు తరువాత సంఘ గురువులైరి. ముసల్మాను శిష్యుడైన జానీ ఆలీ గారు కూడ ప్రభువును నమ్మి, కేంబ్రిడ్జిలో చదివి, మన దేశములోనే సువార్త సేవ చేసిరి.

ఇక మూసిన తలుపు సంగతి. మాల మాదిగ పేటల పిల్లలను ఆయన ఆ బడిలో చేర్చుకొనలేదు. వారు వచ్చినయెడల పై కులములవారు లేచిపోవుదురనియు, పై వారు మారినయెడల మిగిలిన వారును మారుదురనియు ఆయన తలంచిరి. ఈ మాట వ్రాయుచు మేము కొంతసేపు కలము ఆపితిమి. మన సంఘములలో అనేకుల తాతలు ఆ పేటలవారే గదా!

కాని దేవుడు ఆ తలుపు తెరచువరకు కనిపెట్టుకొని యుండలేదు. 1859లో రాఘవాపురపు మాల పెద్ద పగోలు వెంకయ్య గారు, కృష్ణలో స్నానమాడు పండుగకు జనులు కూడు ఈ బెజవాడలోనే, డార్లింగ్ దొరగారిని కలిసికొనిరి. వారిచేత బాప్తిస్మము పొంది, తనవారిని అనేకులను ప్రభువునొద్దకు నడిపించిరి. ఇంగ్లీషు రాని ఆ పెద్ద ద్వారా సువార్త పేటపేటకు ప్రాకెను.

1864 నవంబరు 1న గొప్ప తుపాను వచ్చి, సముద్రము బందరుపై పొంగి, వేలాదిమంది చనిపోయిరి. మరుసటి యేడు 1865 అక్టోబరులో నోబుల్ గారు అక్కడనే కన్నుమూసిరి. వివాహమాడలేదు, ఇరువది నాలుగేండ్లలో ఒక్కసారియైనను స్వదేశము చూడలేదు. ఆయన పేరిట బందరులో నున్న కళాశాలలో నేడు అన్ని కులముల పిల్లలును చేరి చదువుకొనవచ్చును.

ప్రియులారా, దేవుడు పక్షపాతి కాడని పేతురు గారు నేర్చుకొనుటకు ఒక దర్శనము కావలసి వచ్చెను. అపొస్తలుడే నేర్చుకొనవలసి వచ్చినప్పుడు నోబుల్ గారిని తీర్పు తీర్చుటకు మనము తొందరపడనక్కరలేదు. మన తలుపు సంగతి చూచుకొందము. ఇంగ్లీషు వచ్చిన యువతీయువకులారా, సాయంకాలము ఒక గంట గుడి అరుగుమీద కూర్చుండి, ఫీజు కట్టలేనివారి పిల్లలకు నేర్పుడి. ఏ కులమని గాని, ఏ మతమని గాని అడుగకుడి. తడబడిన వానిని నవ్వకుడి. నోబుల్ గారి ఓర్పును తీసికొని, ఆయన మూసిన తలుపును మనము తెరచి యుంచుదము. ప్రభువు మనకు ఆ కృప దయచేయును గాక. ఆమేన్.