తక్కెడ పట్టిన డాక్టరు – థామస్ వెమిస్ ఫుల్టన్ (1855–1929)

జువాలజీ, ఫిషరీస్ పి.జి. విద్యార్థులకు ఫుల్టన్ పేరు కొత్త కాదు. చేప పుష్టిగా ఉందా, చిక్కిపోయిందా అని చెప్పే ‘కండిషన్ ఫ్యాక్టర్’ ఆయన పేరు మీదనే ఉంది. సూత్రం అందరికీ తెలుసు, మనిషి మాత్రం కొందరికే తెలుసు. అందుకే మన వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని నాలుగు మాటల్లో పరిచయం చేసుకుందాం.

ఫుల్టన్ స్కాట్లాండ్‌కు చెందినవారు. వైద్యశాస్త్రంలో ఎం.డి. పట్టా పొంది కూడా సముద్రం వైపు వచ్చారు. స్కాట్లాండ్ మత్స్య మండలిలో శాస్త్రీయ పర్యవేక్షకునిగా పనిచేశారు. అది ఆవిరి ట్రాలర్లు పెరుగుతున్న కాలం. పెద్ద వలలు పిల్ల చేపలను ఊడ్చేస్తున్నాయని గాలాలతో బతికే చిన్న జాలరుల గోడు. కాదని పడవల యజమానుల వాదన. ఎవరి మాట నిజమో తేల్చాలంటే లెక్కలు కావాలి. ఆ లెక్కల కోసమే ఫుల్టన్ జీవితం గడిచింది. ఏ జాతి చేప ఎన్ని గుడ్లు పెడుతుందో లెక్కించారు. ఆ గుడ్లు ఎటు కొట్టుకుపోతాయో తెలుసుకోవడానికి 1890లలో సీసాలను ఉత్తర సముద్రంలో వదిలి, ప్రవాహాల దారిని గుర్తించారు.

ఇక అసలు విషయం. పొడవు రెండింతలైతే బరువు ఎనిమిదింతలు కావాలి. దీన్నే ఘన నియమం అంటారు. 10 సెం.మీ. చేప 10 గ్రాములుంటే, 20 సెం.మీ. అయ్యేసరికి 80 గ్రాములు తూగాలి. సగం పొడవులో పట్టిన చేప సగం బరువు కాదు, ఎనిమిదో వంతే! పిల్ల చేపలు పడితే జాలరికి జరిగే నష్టం ఈ లెక్కలో స్పష్టంగా కనిపిస్తుంది.

అయితే ఫుల్టన్ నియమాన్ని నమ్మి ఊరుకోలేదు. వేలాది చేపలను ఒక్కొక్కటిగా కొలిచి, తూచి, 1904లో పట్టికలు ప్రకటించారు. ఘన నియమం చేపలకు అచ్చంగా సరిపోదని, జాతిని బట్టి, చోటును బట్టి, కాలాన్ని బట్టి తేడా వస్తుందని చూపారు. గుడ్లు పెట్టిన చేప తేలికవుతుంది కదా! 1951లో లె క్రెన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త మంచినీటి పెర్చ్ చేపల మీద చేసిన పరిశోధనతో ఈ అధ్యయనం మరింత బలపడింది. ఘాతాంకం 3 అని ముందే అనుకోకుండా, కొలతల నుంచే రాబట్టడం నేటి పద్ధతి. వెడల్పైన చందువకూ, పొడుగాటి రిబ్బన్ చేపకూ ఒకే లెక్క ఎలా సరిపోతుంది? ఈ సంబంధం తెలిస్తే రేవులో చేప పొడవు కొలిచి బరువు అంచనా వేయవచ్చు. ఎంత చిన్న చేపను పట్టకూడదో నిర్ణయించడానికీ ఇది తోడ్పడుతుంది.

ఇక్కడే ఒక విచిత్రం ఉంది. కండిషన్ ఫ్యాక్టర్‌కు ఆధారంగా ఎన్నో పరిశోధన పత్రాలు ఫుల్టన్ 1911 గ్రంథాన్ని పేర్కొన్నాయి. ఆ గ్రంథం సముద్రంపై రాజ్యాల హక్కుల చరిత్ర! చేపల పొడవు, బరువుల లెక్క అందులో లేదు. ఒకరు రాసినదాన్ని మరొకరు చూసి రాసుకుంటూ పోయారు. చివరకు 2006లో కొందరు శాస్త్రవేత్తలు మూలాలు వెతికి ఈ పొరపాటును బయటపెట్టారు. ఆ సూత్రాన్ని ఆయన పేరుతో స్థిరపరచింది తరువాతి వారేనని తేలింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మనలో చాలామందికి చదువులో దారి చూపే పెద్దలు ఇంట్లో లేరు. అచ్చులో ఉన్నదంతా నిజమని నమ్మడం మనకు సహజం. పెద్ద పెద్ద పరిశోధకులే పుస్తకం తెరవకుండా పేరు రాశారంటే, తెరిచి చూసే అవకాశం మనకూ ఉన్నట్టే కదా! ఫుల్టన్ నియమాన్ని తక్కెడలో పెట్టి తూచారు. మనం చదివినదాన్ని కూడా అలాగే తూచి చూద్దాం. ఆయనకు మనమిచ్చే నిజమైన నివాళి అదే.