కప్పు దక్కని విజేత వెండెల్ స్కాట్

పొగాకుకు, నూలు మిల్లులకు పేరుపడ్డ ఊరు అమెరికాలోని డాన్విల్. నల్లజాతి కుటుంబంలో 1921 ఆగస్టు 29న అక్కడే పుట్టిన వెండెల్ స్కాట్‌కు ఒకరి కింద మిల్లులో పనిచేయడం ఇష్టం లేకపోయింది. టాక్సీ తోలారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేశారు. తిరిగొచ్చి కార్ల షెడ్డు పెట్టారు. ఆదాయం చాలక రాత్రిళ్లు కారులో దొంగసారా చేరవేశారు.

1952లో స్థానిక మట్టి ట్రాకు నిర్వాహకులు, నల్లజాతి డ్రైవరును దింపితే జనం వస్తారని తలచి, వేగంగా తోలేవాడెవరని పోలీసులను అడిగారు. వారు స్కాట్ పేరు చెప్పారు. వెంటబడి విసిగిన వారికి తెలియక మరెవరికి తెలుస్తుంది!

1961లో నాస్కార్ పెద్ద పోటీలకు ఎక్కారు. కొత్త కారు కొనే స్తోమత లేదు. పాత కార్లకు తానే మరమ్మతు చేసుకునేవారు, కొడుకులే సహాయకులు.

1963 డిసెంబర్ 1న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో అరమైలు మట్టి ట్రాకుపై 200 చుట్ల పందెం. స్కాట్ రెండు చుట్లు ముందున్నారు. అయినా గెలుపు జెండా ఊపలేదు. బక్ బేకర్ విజేత అని ప్రకటించి కప్పు ఇచ్చేశారు. కొన్ని గంటల తర్వాత, జనం ఇళ్లకు పోయాక, లెక్క తప్పిందని ఒప్పుకున్నారు. విజేతకు తెల్ల సుందరి ముద్దు పెట్టే ఆనవాయితీ ఉండటమే దీనికి కారణమని స్కాట్ నమ్మారు.

1973లో టల్లడేగా ప్రమాదంలో ఎముకలు విరిగాయి. అంతటితో పందేలు దాదాపు ముగిశాయి. పెద్ద పోటీల్లో 495 సార్లు దిగితే గెలుపు ఆ ఒక్కటే. 1990 డిసెంబర్ 23న మరణించారు. ఆ గెలుపుకు కప్పు చేయించి ఆయన కుటుంబానికి ఇచ్చింది 2021 ఆగస్టులో.