ఆంధ్రుల తొలి రాజకీయ ఖైదీ

శ్రీ గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1883లో కర్నూలులో జన్మించారు. పేదరికమును లెక్కచేయక మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఎం.ఏ. పట్టము పొంది, ఉపాధ్యాయ శిక్షణకై రాజమహేంద్రవరము చేరారు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆ నగరమునకు వచ్చి ప్రసంగించిన పిమ్మట శిక్షణ కళాశాల వందేమాతర నినాదముతో మారుమ్రోగినది. ఆ నేరమునకు గాడిచర్ల వారిని బహిష్కరించి, ప్రభుత్వోద్యోగమునకు అనర్హులని ప్రకటించారు. బడిపంతులు కావలసినవారు పత్రికా సంపాదకులైనారు!

విజయవాడ నుండి ఆయన వెలువరించిన పత్రిక 'స్వరాజ్య'. 1908 మార్చిలో చిదంబరం పిళ్ళై గారి నిర్బంధమునకు ఆగ్రహించిన తిరునెల్వేలి ప్రజలపై పోలీసులు కాల్పులు జరిపారు. ఆ దౌష్ట్యమును ఖండించుచు గాడిచర్ల వారి పత్రికలో వెలువడిన వ్యాసము రాజద్రోహముగా పరిగణింపబడినది. తమిళ సోదరుల పక్షమున పలికిన తెలుగు కలమునకు లభించినది మూడేండ్ల కఠిన కారాగారము. దానిని అనుభవించినది మన వేలూరు చెరసాలలో. తమిళనాట చదువుకొను తెలుగు బిడ్డలకు ఈ సంగతి తెలియవలసినంతగా తెలియదు.

విడుదలైన పిమ్మట ఆయనను చేరదీయుటకు పలువురు జంకారు. కొమర్రాజు లక్ష్మణరావు గారు మాత్రము మద్రాసుకు పిలిపించి, విజ్ఞాన సర్వస్వ రచనలో పని కల్పించారు. అటుపై గ్రంథాలయోద్యమము, వయోజన విద్య ఆయన జీవితమైనవి. 1960లో పరమపదించే వరకు ఆ కృషి సాగినది.